సౌడు మట్టి, రెండు జ్యేష్ఠాలు

మా ఊర్లో వాన పడితే ఏడ్చేవాళ్ళు ఉండరు. ఆ ఏడు మేము ఏడ్చినాం. తొంభైఎనిమిది, మృగశిర కార్తె, మంచి పట్టపగలు. కుండపోతగా కురిసింది. వీధిలో పిల్లోళ్ళు బట్టలిప్పి గంతులేస్తాంటే, ఇంట్లో అమ్మ, అవ్వ, నేను గిన్నెలు, చెంబులు, బిందెలు, ఆఖరికి పిండి జల్లెడ కూడా తెచ్చి కారేచోటల్లా పెడుతుండినాం. జల్లెడలో నీళ్ళు నిలుస్తాయా అని అడగద్దండి, ఆ గాబరాలో ఎవరికీ తోచలా. నడిమింట్లో గోడవారగా విత్తనం శెనక్కాయల మూటలు పేర్చి పెట్టింటిమి. వాటిమీద గోనెపట్టలు కప్పినాం, దుప్పట్లు కప్పినాం, నాయన పంచెలు కప్పినాం. ఏం లాభం. వారం తిరిగి మూటలు విప్పితే గుప్పుమని బూజు వాసన. సగానికి సగం కాయలు దిబ్బలో పారబోసినాం.

విత్తనం పోయిందంటే ఏందో మెట్ట సేద్యం చేసినోళ్ళకు చెప్పాల్సిన పని లేదు, చెయ్యనోళ్ళకు చెప్తాను. మాకు బోరు లేదు, బావి నేను పుట్టకముందే ఎండిపోయింది. ఏడాదికి ఒకే పంట, శెనక్కాయ. పోయిన పంటలో మంచి కాయలు ఏరి, ఎండబెట్టి, మూటలు కట్టి, మళ్ళీ నేల పదునయ్యే దినం దాకా కాచుకోవాల. ఎంత ఇబ్బంది వచ్చినా ఆ మూటల జోలికి పోం. అవి తడిసినాయంటే చేనుండి కూడా లేనట్టే. ఆ ఏడు సగం చేను బీడు పెట్టినాం. నాయన ఆ బీడు పక్క చూడకుండా తల తిప్పుకొని పోతుండినాడు.

ఇంగ మిద్దె సంగతి. మిద్దె అంటే పట్నంలో అనుకొనే మేడ కాదు. మా పక్క ఇండ్లకు దూలాలేసి, వాటిమీద కట్టెలు పరిచి, కంప పరిచి, మట్టి మెత్తి, అన్నిటికంటే పైన సౌడు పోస్తారు. సౌడంటే పంటకు పనికిరాని నేలలోని మట్టి. పైన తెల్లగా ఉప్పు పొంగి ఉంటాది, గడ్డిపోచ మొలవదు, నీళ్ళు ఇంకవు. ఆ నేలను తిట్టనోడు లేడు. అందరూ తిట్టే ఆ మట్టినే ప్రతి ఎండాకాలం బండ్లకెత్తి తెచ్చి, మిద్దెమీద జానెడు మందాన పరిచి దిమ్మిస కొడితే చుక్క దిగదు. తాతల కాలం నుంచి ఇదే పని. ఎందుకు దిగదో ఎవరూ అడగలా. దిగదు, అంతే.

తొంభైఎనిమిదిలో మాత్రం మా నాయన తెలివి చూపించినాడు. ఆయన బాగా నడిచే గడియారాన్ని కూడా ఊరికే విప్పి చూసే మనిషి. శెనక్కాయ ఊడలు దిగే టైములో చేనికి జిప్సం చల్లుతారు, చల్లితే కాయ గట్టిగా నిండుగా ఊరుతాది. ముందటేడు తెచ్చిన జిప్సం కొన్ని మూటలు మిగిలిపోయింది. కాయనే గట్టిపరిచేది మిద్దెను గట్టిపరచదా అని ఆయన ఆలోచన. సౌడులో జిప్సం కలిపి, చేతులతో పిసికి, మిద్దెకెత్తి, దిమ్మిస కొట్టి, దిగొచ్చి మీసం దువ్వుకుంటా వీధంతా చాటినాడు. ఇంగ మా మిద్దెను ముట్టుకొనే పని లేదని ఎదురింటి పెద్దమ్మతో మా కోడిని పందెం కాసినాడు. పెద్దమ్మ మా కోడిని కోసి కూర చేసుకున్నరోజు ఆ వాసన మా ఇంటిదాకా వచ్చింది.

కారిన తర్వాత ఇంట్లో ఎవరి వాదం వాళ్ళది. సౌడు తవ్వే గుంతలో సత్తువ పోయిందని నాయన. మంగళవారం పూట మిద్దెక్కితే కారక ఏమైతాదని అవ్వ. కింద కంప పుచ్చిపోయింది, పదేండ్ల నుంచి చెప్తాండా, నా మాట ఎవరు ఇంటారని అమ్మ. జిప్సం మీద మాత్రం ఎవరికీ అనుమానం రాలా. నాకూ రాలా. డబ్బులిచ్చి కొన్న సరుకు, ఆఫీసరు చల్లమని చెప్పిన సరుకు, దాన్ని ఎట్ల అనుమానించేది?

ఆ దినం నాయన ఒక మాటన్నాడు. అది నా చెవుల్లో ఏడాది పొడుగునా మోగింది.

"వచ్చే ఏడు గూడా విత్తనం తడిసిందంటే ఈ సేద్యం వద్దే వద్దు. చేను ఎవరికన్నా ఇచ్చేసి బెంగళూరు పోదాం. బిల్డింగుల కాడ ఇసక మోసుకొని బతుకుదాం."

అట్ల పోయినోళ్ళు మా ఊర్లో శానామంది ఉన్నారు. నాయన అన్నమాట మీద నిలబడే రకం, అదే నా భయం.

నేనప్పుడు అనంతపురంలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ మొదటి సంవత్సరం. డిగ్రీ దాకా తెలుగు మీడియమే. అక్కడ ఒకేసారి ఇంగ్లీషులో పడేసరికి క్లాసులో సగం అర్థమయ్యేది, మిగతా సగం హాస్టల్‌కొచ్చి ఏడ్చి నేర్చుకొనేదాన్ని. రెండో సెమిస్టర్‌లో ఒక్కొక్కరు ఒక అంశం మీద సెమినార్ చెప్పాల. మా సారు చీటీలు తీయించినాడు. నాకు వచ్చింది ఒకే ఒక్క మాట: ఇంటర్కలేషన్. నోరు తిరగలా. నా ముఖం చూసి సారు నవ్వి, పుస్తకం తర్వాత తెరుద్దువులే, ముందు అన్ని డిపార్ట్‌మెంట్లకూ పోయి ఈ మాటకు అర్థం అడుగు, ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తారు, అన్నీ మూటగట్టుకొని రా అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. మిగతావాళ్ళు హాయిగా లైబ్రరీలో కూర్చొని రాసుకుంటాంటే నేను బిచ్చానికి పోయినట్టు గడపగడపకూ పోవాలా?

పోయినాను. మొదట జియాలజీ. అక్కడి సారు తాడిపత్రి పక్కనుంచి తెచ్చిన బండముక్క చేతిలో పెట్టినాడు. బూడిదరంగు సున్నపురాయి, దాని నడిమధ్య వేలి మందాన నల్లటి పొర. సముద్రం నెమ్మదిగా ఉన్నప్పుడు సున్నం పేరుకుంది, నడుమ కొన్నాళ్ళు బురద కొట్టుకొచ్చింది, మళ్ళీ సున్నం. ఒక రకం రాతి నడుమ ఇంకో రకం పొర ఇరుక్కుంటే దాన్నే ఇంటర్కలేషన్ అంటారన్నాడు. మా కరువు సీమలో సముద్రం ఉండిందా అని నేను నోరు తెరిస్తే, ఆయన నా చేతిలోంచి రాయి తీసుకొని జాగ్రత్తగా మళ్ళీ బీరువాలో పెట్టుకున్నాడు.

జువాలజీలో మేడమ్ మైక్రోస్కోపు చూపించింది. గుండె కండరం. పొడుగాటి పోగులు, వాటికి అడ్డంగా అక్కడక్కడ సన్నటి గీతలు. ఆ గీతలు కణానికీ కణానికీ నడుమ ఉండే బిళ్ళలు. వాటి గుండానే ఒక కణం సంగతి ఇంకో కణానికి తెలుస్తాది, అందుకే అన్నీ కలిసి ఒకేసారి కొట్టుకుంటాయి అనింది. ఆ బిళ్ళల పేరులోనూ ఇదే మాట. నేను అద్దంలోంచి తల ఎత్తి నా గుండెమీద చెయ్యి పెట్టుకున్నాను, మేడమ్ నవ్వింది. బయోకెమిస్ట్రీలో ఒక రీసెర్చ్ అక్క ఇంకో కథ చెప్పింది. డీఎన్ఏ నిచ్చెన మాదిరి ఉంటాదంట. కొన్ని రంగులు పోయి ఆ మెట్ల నడుమ సన్నగా దూరి కూర్చుంటాయంట. దూరితే నిచ్చెన సాగుతాది, కొంచెం మెలి విప్పుకుంటాది, లైటేస్తే ధగధగ మెరుస్తాది. క్యాన్సర్‌కు ఇచ్చే మందుల్లో కొన్ని చేసే పని ఇదేనంట. ఆ రంగు సీసా మాత్రం నన్ను ముట్టుకోనీయలా. నా మెట్లలో కూడా దూరుతాదంట.

మా డిపార్ట్‌మెంట్ సంగతి మా సారే చెప్పినాడు. పెన్సిల్ ముల్లులో ఉండే గ్రాఫైట్ పొరలు పొరలుగా ఉంటాది. పొటాషియం ఆవిరి తగిలిస్తే పొటాషియం పొరల నడుమకు పోయి కూర్చుంటాది, నల్లటిది బంగారు రంగుకు తిరుగుతాది. అప్పుడప్పుడే బెంగళూరు నుంచి వచ్చినోళ్ళ చేతుల్లో సెల్‌ఫోన్లు కనపడుతుండినాయి. వాటి బ్యాటరీలోనూ ఇదే ఆట, చార్జింగ్ పెడితే లిథియం పొరల్లోకి దూరుతాది, మాట్లాడితే బయటికొస్తాది అన్నాడు. అదొక్కటి నాకు భలే నచ్చింది. చుట్టం వస్తాడు, ఇల్లు కొంచెం సర్దుకుంటాది, చుట్టం పోతాడు, ఇల్లు మళ్ళీ ఎప్పటిలాగే ఉంటాది. రాతిలో పొర అట్ల కాదు, అది ఎక్కడికీ పోదు, పేరుకొని అక్కడే ఉండిపోయింది. గుండెలో బిళ్ళ కూడా ఎక్కడినుంచో వచ్చి దూరింది కాదు. అందరూ ఒకే మాట వాడుతున్నారు గానీ అందరి పని ఒకటి కాదని నాకు ఎవరూ చెప్పకుండానే తెలిసింది. అది తెలిసిన దినం హాస్టల్ మెస్‌లో నీళ్ళ సాంబారు కూడా రుచిగా ఉండింది.

ఇంతకీ ఈ మాట మొదట ఎవరిది? లైబ్రరీలో పెద్ద డిక్షనరీ తిప్పితే నవ్వాగలేదు. ఏ సైన్సుదీ కాదు, పంచాంగానిదంట. లెక్క సరిపోక నెలల నడుమ ఒక నెలను దూర్చడమే దాని పాత అర్థం. మా అవ్వ అధిక మాసం! చంద్రుడి నెలలు పన్నెండు కలిపితే సూర్యుడి ఏడాదికి పదకొండు దినాలు తక్కువ. అట్లనే వదిలేస్తే ఏరువాక పున్నమి జరిగి జరిగి చలికాలంలోకి పోతాది. అందుకని రెండు మూడేండ్లకొకసారి ఒక నెలను నడుమ పెడతారు. రోజూ పంచాంగం వినే ఇంట్లో పుట్టి, ఆ మాట తెలియదని ఇన్ని గడపలు ఎక్కినాను.

ఇంకొక్క అధ్యాయం మిగిలుండె. బంకమట్టి గురించి. చదువుదామా వద్దా అనుకుంటానే తిప్పినాను. బంకమట్టి కంటికి మట్టే గానీ లోపల సన్నటి రేకులు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టుంటాది. ఆ రేకుల నడుమ ఎవరో ఒకరు ఉంటారు. సోడియం ఉంటే పట్టు తక్కువ. నీళ్ళు తగలంగానే నడుమకు దూరతాయి, రేకులు విడిపోయి ఉబ్బి, ప్రతి సందులోనూ మెత్తుకుంటాయి. ఆపైన నీళ్ళు కిందికి దిగడానికి దారి ఉండదు. కాల్షియం ఉంటే వేరే కథ. అది రెండు చేతులతో రెండు రేకులనూ గట్టిగా పట్టుకుంటాది. మట్టి గింజలు గింజలుగా ఉండిపోతాది, గింజల సందుల్లోంచి నీళ్ళు జారిపోతాయి. సోడియం నిండిన మట్టికి ఉదాహరణగా ఆ పుస్తకం ఇచ్చింది చౌడు నేలలు, అంటే మా సౌడే. ఆ నేలల్లో నీళ్ళు ఇంకేలాగ చేసి పంటకు పనికొచ్చేలా బాగుచెయ్యాలంటే ఏం కలపాలో కూడా రాసింది.

జిప్సం.

నేను ఆ పేజీ ఎన్నిసార్లు చదివినానో నాకే తెలియదు. జిప్సంలో ఉండేది కాల్షియమే కదా. మా నాయన మిద్దెను పాడు చెయ్యలా. బాగు చేసినాడు. శెనక్కాయ విత్తితే మొలిచేంత బాగు చేసినాడు. లైబ్రరీలో ఒక్కదాన్నే పగలబడి నవ్వితే లైబ్రేరియన్ వచ్చి బయటికి పొమ్మన్నాడు.

సెమినార్ బాగా జరిగింది. చివర మా మిద్దె గురించి చెప్తే సారు లేచి నిలబడి, పుస్తకంలో లేని ముక్క ఇదొక్కటే, ఇదే బాగుంది అన్నాడు. మెచ్చుకున్నందుకు సంతోషమే, కానీ అక్కడ మెచ్చుకుంటే మా ఇంట్లో విత్తనం తడవకుండా ఉంటాదా? సెలవులిచ్చిన మర్నాడే రాయదుర్గం బస్సెక్కినాను.

ఇంటికి పోయేసరికి వాకిట్లో కొత్త గుంత నుంచి తోలుకొచ్చిన సౌడు కుప్పగా ఉండాది. దాని పక్కన జిప్సం మూటలు. పోయినేడు కంటే ఎక్కువ. ఈసారి సౌడు మంచిది, జిప్సం కూడా దండిగా కలుపుతాండా, ఇంగ చూడు అని నాయన మురిసిపోతాండాడు. అన్నం కూడా తినకుండా అంతా చెప్పినాను. రేకులు, సోడియం, కాల్షియం అని మొదలుపెట్టినానో లేదో ఆయన ముఖం మాడింది. నాలుగక్షరాలు ముక్కున పట్టుకోంగానే నాకే సేద్యం నేర్పొస్తాండావా అన్నాడు. నేనూ ఆయన కూతుర్నే కదా, నోరు ఊరుకుంటుందా? సేద్యం కాదు నాయనా, మిద్దె కారకుండా చూసుకొనేది నేర్పిస్తాండా అన్నాను. అమ్మ నడుమకొచ్చి నా చేతిలో చెంబు పెట్టి నీళ్ళు తాగమనింది.

మాటలతో మా నాయన వినడు, చూస్తే వింటాడు. డాల్డా డబ్బాలు రెండు తీసుకొని అడుగున మేకుతో బొక్కలు కొట్టినాను. ఒకదాంట్లో ఉత్త సౌడు, ఇంకోదాంట్లో మిద్దెమీద నుంచి గీకి తెచ్చిన పాత జిప్సం సౌడు. రెండింటినీ ఒకే తీరుగా అదిమి, అరుగుమీద ఇటుకలు పెట్టి వాటిమీద నిలబెట్టి, చెరొక చెంబు నీళ్ళు పోసినాను. ఉత్త సౌడు డబ్బాలోంచి మొదట నాలుగు చుక్కలు పడినాయి, తర్వాత నిలిచిపోయినాయి. పైన నీళ్ళు అద్దంలాగా నిలబడినాయి. జిప్సం డబ్బా మాత్రం ఆగకుండా కారింది. పోయినేడు మా నడిమింట్లో విన్న సప్పుడు అదే. అవ్వ ఆ సప్పుడు విని లోపల్నించి బయటికొచ్చింది.

నాయన ఒప్పుకున్నాడా? ఎట్ల ఒప్పుకుంటాడు? ఒక డబ్బాకు బొక్కలు పెద్దవి చేసినావని నామీదే నింద. మట్టి రెండూ కుమ్మరించి, డబ్బాలు మార్చి, తన చేత్తో నింపి, తన చేత్తో నీళ్ళు పోసినాడు. అదే జరిగింది. పొద్దు గుంకేదాకా ఆ అరుగుమీదే కూర్చున్నాడు. ఉత్త సౌడు డబ్బాలో నీళ్ళు అట్లనే ఉండాయి. అప్పుడు నాపక్క తిరిగి, మెల్లిగా అడిగినాడు.

"అంటే పోయినేడు నా చేతులారా నేనే కార్పించినానా?"

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేకపోయినాను. నువ్వు మిద్దెను బాగుచేసినావు నాయనా, పంట పండేంత బాగు చేసినావు అన్నాను. అవ్వ కిసుక్కున నవ్వింది. ఆయన నవ్వలా. లేచిపోయి జిప్సం మూటలు మోసుకొని గాటిపాట్లో ఎద్దుల వెనక పడేసి వచ్చినాడు.

మిద్దె గీకేసి కొత్త సౌడు పోసేద్దాం అనుకున్నామా, ఇంగో కొరివి లేచింది. ఆ ఏడు జ్యేష్ఠం రెండుసార్లు వచ్చింది. ముందొచ్చింది అధిక జ్యేష్ఠం, అప్పటికే మొదలైపోయింది. అధిక మాసంలో ఇంటి పని ముట్టుకోకూడదని అవ్వ పట్టు. నిజ జ్యేష్ఠం వచ్చినాకనే మిద్దెక్కేది అనింది. నేను వేళ్ళు మడిచి చూస్తే అధిక మాసం పోయేలోపలే మృగశిర కార్తె వచ్చేస్తాది. నెలలు చంద్రుడివి, కార్తెలు సూర్యుడివి, నువ్వు నెలను ఆపినా కార్తె ఆగదవ్వా అని నెత్తీనోరూ కొట్టుకున్నాను. అది నాకు తెలియదా, నువ్వు పుట్టకముందు నుంచి కార్తెలు చూస్తాండా అని కసిరింది. మరి వాన ముందే వస్తే విత్తనం గతి ఏమని అడిగితే, పోయినేడు మంగళవారం నా మాట వినకపోతే ఏమైందో చూడలేదా అని నాయన వంక చూసింది. ఆయన ఇప్పుడు నోరెత్తే పరిస్థితిలో లేడు. తన తెలివితో ఒకసారి విత్తనం పోగొట్టినాడు, ఇంగోసారి తల్లి మాట కాదని పోగొడితే ఆ మచ్చ ఎవరు మోస్తారు? నాకు ఏడుపొచ్చింది. ఇన్ని డిపార్ట్‌మెంట్లు తిరిగి తెలుసుకున్నది ఒక నెల అడ్డం పడి బూడిదలో పోసిన పన్నీరు అయ్యేటట్టుండె.

మబ్బులు చూసినకొద్దీ నాకు అన్నం సయించేది కాదు. నాలుగు దినాలు అవ్వతో మాట్లాడడం మానేసినాను. నేను మాట్లాడకపోతే ఆమెకు తోచదు. ఐదో దినం పొద్దున్నే ఎదురింటి పెద్దమ్మ వచ్చి, పందెమైతే కాసినా గానీ, మా మిద్దె కూడా పోయినేడు మీ కొడుకు మాట విని జిప్సం కలిపి చెడగొట్టుకుంటిమి, మా విత్తనం కూడా ఇంట్లోనే ఉండాది, ఏం చేద్దామని అవ్వ ముందర కూర్చునింది. ఆ సంగతి మాకు అప్పటిదాకా తెలియదు. కోడి కూర తిన్నందుకు బయటపడలేదంట. అవ్వ వక్కాకు నములుతా శానాసేపు ఆలోచించింది. తర్వాత నన్ను పిలిచి, పక్కన కూర్చోబెట్టుకొని తీర్పు చెప్పింది.

"అధిక మాసంలో సొంత పనే కూడదు. దానం చేస్తే రెండింతల పుణ్యం. ఆళ్ళ మిద్దెకు మన సౌడు దానం చేద్దాం, మనమే పోసొద్దాం. మన మిద్దెకు ఆళ్ళ సౌడు ఆళ్ళు పోసిపోతారు. మన ఇల్లు మనం ముట్టుకొనేదే లేదు. ఏం పాపా, నీ సైన్సు ఒప్పుకుంటాదా?"

నేను అవ్వను పట్టుకొని ముద్దు పెట్టుకున్నాను, వక్కాకు రసం నా రవికకంటింది. మా పక్క ముయ్యి అని ఒక పద్ధతి ఎప్పటినుంచో ఉండాది. ఇయాల మీరు మా పనికొస్తే రేపు మేము మీ పనికొస్తాం, కూలి ఉండదు. దాన్నే అవ్వ పుణ్యంలోకి తిప్పింది. మధ్యాహ్నానికి ఈ మాట వీధి చివరిదాకా పాకింది. అధిక మాసమని చేతులు కట్టుకొని కూర్చున్న ప్రతి ఇంటికీ దానం చెయ్యాలని ఒక్కసారిగా మనసు పుట్టింది.

ఆ తర్వాత చూడాల మా వీధిని. ఎవరి మిద్దె వాళ్ళు తప్ప, అందరూ ఇంకొకరి మిద్దెమీద ఉన్నారు. గంపలు చేతులు మారుతాండాయి, పారలు చేతులు మారుతాండాయి. నిచ్చెన మీద నుంచి కొంగు బిగించుకొని ఆడోళ్ళు గంపలందిస్తాంటే కింద మొగోళ్ళు సౌడు గడ్డలు పగలగొడుతుండినారు. నేను ఎదురింటి మిద్దెమీద దిమ్మిస కొడుతుండినాను. అరచేతులు బొబ్బలెక్కినాయి. ఎవరన్నా సౌడులో ఏమన్నా కలపబోతే, పెద్దమ్మ కిందినుంచే కేకేసి, పాపను అడగండప్పా అంటుండింది. గర్వం కాకపోతే ఏం చెప్పమంటారు, నాకు ఏనుగెక్కినంత సంబరంగా ఉండె. మా మిద్దెమీద నుంచి గీకిన పాత మట్టిని అమ్మ పెరట్లో పోసి బీర గింజలు పెట్టింది. అవి ఎట్ల కాసినాయంటే, చుట్టాలొచ్చినప్పుడల్లా ఇవి మా ఆయన మిద్దెమీది బీరకాయలని చెప్పి మరీ వండేది.

మిద్దెల పని అయిపోయినాక కొన్నాళ్ళు మబ్బు కూడా రాలా. ఎండ మాత్రం మండిపోయింది. తొందరపడితిమేమో అని ఒకరిద్దరు గొణిగినారు. మృగశిర కార్తె వచ్చింది. అధిక మాసం ఇంకా పోలా. ఒక మధ్యాహ్నం అన్నాలు తింటాంటే పడమర నుంచి గాలి లేచి, దుమ్ము లేచి, ఇల్లంతా చీకటైపోయింది. మొదటి చినుకుల సప్పుడు మిద్దెమీద వినపడంగానే నలుగురమూ ఎంగిలి చేతులతోనే నడిమింట్లోకి వచ్చి నిలబడినాం. అమ్మ అలవాటు కొద్దీ బిందె ఒకటి చంకన పెట్టుకునింది. వాన పెద్దదైంది. పోయినేడు కంటే గట్టిగా కురిసింది. నాయన ఒక మూటమీద చెయ్యి పెట్టి తల పైకెత్తి చూస్తాండాడు. అవ్వ ఏదో దేవుడికి మొక్కుకుంటాండాది. నేను లోపల రేకుల గురించే అనుకుంటాండాను, నీళ్ళు నడుమకు పోయినాయా, ఉబ్బినాయా, సందులు మూసుకున్నాయా అని.

మిద్దె మూలన ఒకచోట మట్టి కొంచెం నల్లబడింది. చూస్తాండాం, చూస్తాండాం. ఆ నలుపు అక్కడికే నిలిచింది, పెద్దది కాలా. వాకిట్లో దోనెలోంచి మిద్దెమీది నీళ్ళన్నీ బుసబుసమని బయటికి దూకుతుండినాయి. వాన పోయేదాకా లోపల ఒక్క చుక్క పడలా. అమ్మ చంకలో బిందె చంకలోనే ఉండాది. నాయన మూట మూతి విప్పి, మోచేతిదాకా చెయ్యి లోపలికి దూర్చి, అడుగునుంచి గుప్పెడు కాయలు తీసి, చెవి దగ్గర పెట్టుకొని ఆడించినాడు. గింజలు గలగలమన్నాయి. ఎండినవి ఎట్ల మోగుతాయో అట్ల మోగినాయి. ఆ గుప్పెడు మా అవ్వ చెవి దగ్గర ఆడించినాడు, అమ్మ చెవి దగ్గర, నా చెవి దగ్గర. బయట వీధిలో ఇంటింటి నుంచీ జనం తడిసిన వాకిళ్ళలోకి వచ్చి, మీది కారిందా అంటే మాది కార్లేదు, మీది కారిందా అంటే మాదీ కార్లేదు అని అరుచుకుంటాండ్రి. పెద్దమ్మ ఆ బురదలోనే మా గడపదాకా పరిగెత్తుకొచ్చి, నా రెండు బుగ్గలూ పుణికి మెటికలు విరిచింది.

నిజ జ్యేష్ఠం పున్నమికి ఏరువాక సాగింది. ఆరుద్రలో ఇంకో వాన పడి నేల పదునైంది. బీడు పెట్టిన సగంతో సహా చేనంతా విత్తినాం. ఆ ఏడు పంట ఎట్లొచ్చిందని అడగద్దండి, అది తర్వాతి వానల మాట, మా చేతిలో ఉండేది కాదు. మా చేతిలో ఉన్న పని మాత్రం మేము పూర్తిగా చేసినాం. బెంగళూరు మాట మళ్ళీ ఆ ఇంట్లో లేవలా.

విత్తు అయిపోయినాక చూస్తే ఒక మూట మిగిలింది. మా ఇంట్లో విత్తనం మిగలడం నేనెప్పుడూ చూడలా. దాన్ని దాచిపెడతాడనుకున్నాను. నాయన ఆ మూటను తీసుకొచ్చి వాకిట్లో విప్పి, అమ్మతో పెద్ద గుండిగ పొయ్యిమీద పెట్టించి, కాయలన్నీ ఉప్పేసి ఉడకబెట్టమన్నాడు. వీధంతా పిలిపించినాడు. సాయంత్రం మా వాకిట్లో, అరుగులమీద, ఎక్కడ చూసినా జనమే. అందరి కొంగుల్లోనూ, టవళ్ళలోనూ వేడివేడి కాయలు పోసినాక, తప్పు చేసినా ఒప్పుకోని మనిషి, గడియారం పాడుచేసి కూడా అది ముందే పాడైందని వాదించే మనిషి, గుండిగ పక్కన నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"పోయినేడు సౌడులో జిప్సం కలిపింది నేనే. గుంతది తప్పని ఊరంతా చెప్పుకుంటా తిరిగింది కూడా నేనే. నన్ను చూసి మీలో కొందరు కలిపి చెడినారు. ఈ మూట మిగిలింది మా పాప వల్ల. తినండప్పా."

ముందు ఎవరో నవ్వినారు, అందరూ నవ్వినారు, ఆయనా నవ్వినాడు. నా ఒడినిండా కాయలున్నాయి, ఒక్కటి కూడా ఒలచలా. నాయన వచ్చి నా పక్కన అరుగుమీద కూర్చున్నాడు. ఒక కాయ చిదిమి, ఊది చల్లార్చి, గింజలు నా చేతిలో పెట్టి తినమన్నాడు. తిన్నాను.